‘ఫెయిల్’: పర్యాయపదాలు, వ్యవహారం

తెలుగు వ్యవహారంలో ‘ఫెయిల్’ విద్యార్థికీ, బ్రేకుకూ, మూత్రపిండానికీ ఒకేలా వర్తిస్తుంది. దాని పర్యాయపదాలకు ఆ విస్తృతి లేదు. ‘ఓటమి’కి ప్రత్యర్థి కావాలి. ‘వైఫల్యం’ ఫలం లేకపోవడం, ‘అనుత్తీర్ణుడు’ దాటలేనివాడు. ఫలితాల పట్టికను దాటి ఈ మాట కూడా సంభాషణలోకి రాలేదు. దేశ్యమైన ‘తప్పు’ క్రియ గురి, దారి, మాట, పరీక్షలతో చేరి లోపాన్నే చెబుతుంది. ‘నెల తప్పడం’ మాత్రం తరచు శుభవార్త.

ముఖ్యంగా గమనించవలసినది కర్తృస్థానం. ‘నేను లెక్కల్లో ఫెయిలయ్యాను’ అన్నప్పుడు కర్త విద్యార్థి. ‘నాకు లెక్కలు పోయాయి’ అన్నప్పుడు కర్త లెక్కలే. విద్యార్థి షష్ఠీ విభక్తిలోకి, పోగొట్టుకున్నవాడి స్థానంలోకి జరుగుతాడు. ఇంట్లో ఫలితం చెప్పవలసిన విద్యార్థికి ఈ రెండో వాక్యమే ఆసరా.