“అమ్మకు చెప్పకు” అనకండి

బిడ్డకు జబ్బు చేస్తే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరే కుటుంబాలు మనవి. జ్వరమొస్తే నాయనమ్మ రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేస్తుంది. కామెర్లయితే తాతయ్య దగ్గరుండి పథ్యం చేయిస్తాడు. అయితే గోధుమ పడని బిడ్డ విషయంలో మాత్రం ఆ పెద్దలే అడ్డు తిరగడం చూస్తుంటాము. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా పాపకు అయిదవ ఏట సీలియాక్ జబ్బు ఉన్నదని తేలినప్పుడు, వంట మార్చుకోవడంకన్నా బంధువులకు నచ్చజెప్పడమే మాకు కష్టమైంది. ఇటువంటి ఇబ్బందిలో ఉన్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా వారి బంధువులకు ఉపయోగపడతాయని ఈ మాటలు వ్రాస్తున్నాము.

అసలు ఈ జబ్బు ఏమిటి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దీనివల్లనే. సీలియాక్ ఉన్నవారు దీనిని తింటే, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి సొంత చిన్నప్రేగు మీదికే తిరగబడుతుంది. ఆ ప్రేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ నూగు వంటి సన్నని మొలకలుంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చుకునేది అవే. అవి అణిగిపోతే బిడ్డ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, పొట్ట ఉబ్బరం, రక్తహీనత, ఎత్తూ బరువూ పెరగకపోవడం, ఊరికే చిరాకుపడడం దీని లక్షణాలు. కొందరు పిల్లలకు కడుపులో ఏ బాధా ఉండదు, రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. హాలండు దేశంలో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు దీనికీ గోధుమకూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నాడు. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల ఆ దేశంలో రొట్టె దొరకక జనం ఆకలితో అలమటించారు. అంత కరవులోనూ ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్ళీ దొరికాక వారికి జబ్బు తిరగబెట్టింది. ఆయన తన పరిశోధనను 1950లో గ్రంథంగా సమర్పించాడు.

పెద్దల మూడు మాటలు

“మన వైపు ఈ జబ్బు ఎవరికుంది?” అన్నది మొదటి మాట. ఇందులో కొంత నిజం ఉంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా ఈ జబ్బు ఉంటే, దక్షిణాన వెయ్యికి ఒకరికే ఉంది. కాని అరుదు అంటే అసలు లేదని కాదు. పైగా అన్నం తినే మన ఇళ్ళలోకీ రాత్రిపూట చపాతీ, పొద్దున రొట్టె, సాయంత్రం మైదా బిస్కట్లు వచ్చేశాయి.

“పెద్దయితే అదే పోతుంది” అన్నది రెండవ మాట. ఇది పోయే జబ్బు కాదు, పథ్యం జీవితాంతం ఉండవలసిందే. ఆ పథ్యానికి బదులుగా వాడదగిన మందు నేటికీ లేదు.

“ఒక్క ముక్కతో ఏమవుతుంది?” అన్నది మూడవది, అన్నిటికంటే ప్రమాదకరమైనది. గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశపు నిబంధన. దీనిని బట్టి ఒక బిస్కట్ ముక్క ఎంత పెద్దదో ఆలోచించండి. తిన్న వెంటనే బిడ్డ పడిపోకపోవచ్చు. పైకి ఏమీ కనబడకుండానే లోపల ప్రేగు దెబ్బతింటుంది.

మా బంధువుల ఇంట ఒక శుభకార్యంలో పాపకు మేనత్త వరుసైన ఒకామె బొబ్బట్టు ముక్క పెట్టి, “అమ్మకు చెప్పకు” అన్నది. ఆమెకు పాప అంటే ప్రాణం. రెండు రోజులు పాప కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఎంత అడిగినా ఏమి తిన్నదో చెప్పలేదు. మూడవనాడు చెప్పి ఏడ్చింది. నొప్పికి కాదు, అత్తకిచ్చిన మాట తప్పినందుకు! ఆరేళ్ళ బిడ్డ తన నొప్పిని దాచుకోవడం నేర్చుకున్నదే అని మా కడుపు తరుక్కుపోయింది. ప్రేగు పథ్యంతో మానుతుంది. తల్లికి చెప్పకూడదన్న అలవాటు బిడ్డలో నాటుకుంటే, రేపు ఏ ఆపద వచ్చినా నోరు విప్పదు.

ఇంటివారిని కలుపుకోవడం ఎలా?

మొదట పరీక్ష చేయించాలి. పరీక్షకు ముందే గోధుమ మాన్పించకూడదు, మాన్పిస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. టీటీజీ అనే రక్తపరీక్ష చేస్తారు. అవసరమైతే ఎండోస్కోపీతో చిన్నప్రేగు నుండి చిన్న ముక్క తీసి చూస్తారు. తోబుట్టువులకు కూడా పరీక్ష అవసరమేమో అడగండి. గోధుమ ఎలర్జీ వేరు. సీలియాక్ లేకపోయినా గోధుమ పడని పిల్లలూ ఉన్నారు. వారు ఎంతవరకు మానాలో వైద్యుడే చెప్పాలి.

రెండవది, ఇంట్లో ఎవరి మాటకు విలువ ఉన్నదో వారిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. మా పాప బరువు గీత రెండేళ్ళుగా పెరగకుండా ఉన్నదని వైద్యుడు కాగితం మీద చూపించిన రోజున తాతయ్య మౌనంగా ఇంటికి వచ్చాడు. ఆ తరువాత ఆయన ఎవరినీ వాదించనివ్వలేదు.

మూడవది, ఎవరి తల్లిదండ్రులతో వారే మాట్లాడాలి. అత్తగారికి కోడలు చెబితే “బిడ్డను కడుపునిండా తిననివ్వదు” అన్న నింద కోడలి మీద పడుతుంది. అదే మాట కొడుకు చెబితే తల్లి వింటుంది.

నాలుగవది, పెద్దలకు “పెట్టవద్దు” అని మాత్రమే చెప్పకండి, ఏమి పెట్టవచ్చో చెప్పండి. మనుమరాలికి తన చేత్తో పెట్టుకోవాలని నాయనమ్మకు ఉండదా? ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిజావ, సున్నుండలు, అరిసెలు - మన పాత వంటలలో చాలావాటికి గోధుమతో పనే లేదు. మా ఇంట ఇప్పుడు చిరుతిండి డబ్బా బాధ్యత నాయనమ్మదే. ఎవరైనా బిస్కట్ ఇవ్వబోతే మాకంటే ముందు ఆమే అడ్డుపడుతుంది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. గోధుమ పట్టిన మరలోనే బియ్యం పట్టిస్తే పిండి కలుస్తుంది, కనుక ఇంట్లోనే పట్టుకోవడం మేలు. పూరీలు వేయించిన నూనెలో వడలు వేయకూడదు. చపాతీ పెనం వేరుగా ఉంచాలి. ఇడ్లీరవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. సేమ్యాలోనూ, పాలలో కలిపే మాల్టు పొడులలోనూ గోధుమ గాని బార్లీ గాని ఉండవచ్చు. బజారు ఇంగువలో సాధారణంగా గోధుమపిండి కలుపుతారు. డబ్బా మీద వ్రాసినది చదవండి.

బిడ్డకూ నేర్పండి. “నాకు పడదండీ, అమ్మనడగండి” అని మర్యాదగా చెప్పడం అయిదేళ్ళ పిల్లకు కష్టం కాదు. పొరపాటున తింటే కొట్టకండి, తిట్టకండి. నిజం చెప్పినందుకు మెచ్చుకోండి. ఎంత చెప్పినా చాటుగా పెట్టేవారు ఉంటే, వారితో తెగతెంపులు చేసుకోనక్కరలేదు. వారింట భోజనవేళ బిడ్డను ఒంటరిగా వదలకుండా ఉంటే చాలు.

ప్రియ చదువరులారా, మీ బంధువులలోనో సంఘంలోనో ఇటువంటి బిడ్డ ఉంటే ఆ తల్లిని శంకించకండి. సండేస్కూలులో బిస్కట్లు పంచేటప్పుడు ఆ బిడ్డకు అరటిపండో, పల్లీ చిక్కీయో సిద్ధంగా ఉంచండి. క్రిస్మస్‌కు కేకు పంపబోయే ముందు తల్లిని ఒక్కమాట అడగండి. ఇంట్లో విసిరిన పిండితో అరిసెలు చేసి పంపితే ఆ బిడ్డ అందరి ఎదుటా, ఎవరికీ దాచకుండా తింటుంది.