మహమ్మారి టీకా: ముప్పు, మేలు బేరీజు

టీకా వేయించుకునే విషయంలో దాని ముప్పును వ్యాధి ముప్పుతో బేరీజు వేయడం అవసరం.

1976లో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనిక స్థావరంలో స్వైన్ ఫ్లూ బయటపడగా, దేశంలో 4 కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. వారిలో లక్ష మందికి సుమారు ఒకరు చొప్పున అదనంగా గిలియన్-బారే నరాల వ్యాధికి గురయ్యారు. ఫ్లూ స్థావరం దాటి ప్రబలనందున డిసెంబరులో కార్యక్రమాన్ని నిలిపివేశారు.

2009లో పరిస్థితి వేరు. హెచ్1ఎన్1 ప్రపంచమంతటా వ్యాపించింది. భారతదేశంలో తొలి కేసు హైదరాబాద్‌లో నమోదైంది. మరుసటి ఏడాది ఆగస్టు నాటికి ప్రయోగశాలల్లో నిర్ధారణ అయిన మరణాలే 18 వేలు దాటాయి. అమెరికాలో వేసిన టీకాతో గిలియన్-బారే ముప్పు పది లక్షల మందికి ఒకటి, రెండు కేసులుగానే తేలింది. అందువల్ల గర్భిణులకు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారికి టీకా మేలే అధికమైంది.

గతంలో టీకా వికటించిన వారు ముందుగా వైద్యుల సలహా పొందడం శ్రేయస్కరం.