నాలుగు పట్టాలు, ఒకే ఊరు

కోయిలకుంట్లలో నాలుగు తరాలుగా చదువుకున్న కుటుంబం ఏదైనా ఉంటే, వాళ్ళ మిద్దె ఇంట్లో ట్రంకుపెట్టె ఒకసారి తెరిపించండి. 1940లలో బీఏ చదివిన పెద్దాయన పట్టా మీద మద్రాసు విశ్వవిద్యాలయం ముద్ర ఉంటుంది. 1970లలో చదివిన కొడుకుది తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. 1990లలో డిగ్రీ చేసిన మనవడిది అనంతపురం శ్రీకృష్ణదేవరాయ. 2010 తర్వాత చదివిన మునిమనవరాలిది కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం. ఇల్లు కదల్లేదు, చేను కదల్లేదు, పక్కన పారే కుందూ కదల్లేదు. యూనివర్సిటీ మాత్రం తరానికొకటి మారింది. 2022లో జిల్లా కూడా మారి, ఊరు నంద్యాల కిందికి వచ్చింది.

వాల్తేరులో చదివినవాడికి తన విశ్వవిద్యాలయం చరిత్ర పోగుచేయాలనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు. ఉస్మానియావాడికి ఆర్ట్స్ కాలేజీ మెట్లే గుర్తు. వందేళ్ళ పండగలు చేసుకోవడానికి వాళ్ళకు ఒక ఆవరణ, ఒక పుట్టినతేదీ ఉన్నాయి. సీమ విద్యార్థికి ఆ సుఖం లేదు. అతని చదువు చరిత్ర మద్రాసులో కొంత, తిరుపతిలో కొంత, అనంతపురంలో కొంత, మిగిలింది ఊళ్ళలోని పెట్టెల్లో ఉంది. నేనూ సీమ కాలేజీలో చదివినవాణ్ణే కాబట్టి ఇందులో కొంత పక్షపాతం ఉంటే ఉండనీండి.

ఇలా ఎందుకైందో చెప్పాలంటే 1926కు పోవాలి. ఆ ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. తొలి వైస్ ఛాన్సలర్ మన చిత్తూరు పక్కన కట్టమంచి రామలింగారెడ్డి. మొదట బెజవాడలో నడిచింది. శాశ్వతంగా ఎక్కడ ఉండాలన్న దగ్గర పేచీ వచ్చింది. అనంతపురంలో పెట్టాలని దత్తమండలాలవాళ్ళు, అంటే ఈనాటి సీమవాళ్ళు, గట్టిగా పట్టుబట్టారు. చివరికి అది వాల్తేరు చేరింది. దాంతో సీమ కాలేజీలు కొద్ది సంవత్సరాలకే మళ్ళీ మద్రాసు నీడకు వెళ్ళిపోయాయి. వాల్తేరు యూనివర్సిటీ కంటే, పాత దొరల యూనివర్సిటీయే నయమనిపించేంత అలక అది.

ఆ అలక 1937లో కాగితం మీదికి ఎక్కింది. నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. దాన్ని తలచుకున్నప్పుడల్లా నీళ్ళు, రాజధాని, హైకోర్టు అంటాం. అందులో విశ్వవిద్యాలయం మాట కూడా ఉంది: వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ ఒక కేంద్రం పెంచాలని. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్ళు గుడారాల్లో కొలువు తీరింది. ఆ మరుసటి ఏడే, 1954లో, సీమకు విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. కాకపోతే తిరుపతికి. అనంతపురానికి 1968లో తిరుపతి విశ్వవిద్యాలయం వాళ్ళ పీజీ కేంద్రం దక్కింది. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. శ్రీబాగ్ మాటకు అప్పటికి నలభై నాలుగేళ్ళు. కర్నూలులో ఉన్న పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఈ వరసంతా ఏ ఒక్క విశ్వవిద్యాలయం లైబ్రరీలోనూ ఒకచోట దొరకదు. ఎవరి రికార్డు వాళ్ళు పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది మరి.

అందుకే సీమ పాత విద్యార్థి వెతకాల్సింది విశ్వవిద్యాలయం కోసం కాదు, దానికంటే ముందున్న కాలేజీ కోసం. అనంతపురంలో 1916లో దత్తమండల కాలేజీ మొదలైంది, ఈనాటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉద్యోగ బదిలీల్లో కొన్నాళ్ళు అక్కడ పాఠం చెప్పారు. నీలం సంజీవరెడ్డి 1931లో స్వాతంత్ర్యోద్యమం కోసం చదువు వదిలేసింది అక్కడే. ఇద్దరూ తర్వాత రాష్ట్రపతులయ్యారు. ఈ సంగతి సీమలో అందరూ చెప్పుకునేదే. అంతగా చెప్పుకోని మనిషి ఒకాయన ఉన్నారు, చిలుకూరి నారాయణరావు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఆ కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు. ఆంధ్ర భాషా చరిత్రము రాశారు. శాసనాలు, తాళపత్రాలు, సామెతలు, ఏది కనిపించినా మూటగట్టిన సేకర్త.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది, అధ్యక్షులు రాధాకృష్ణన్. అక్కడే దత్తమండలాల సభ కూడా కడప కోటిరెడ్డి అధ్యక్షతన జరిగింది. నిజాం 1800లో కంపెనీవాళ్ళకు ఇచ్చేసిన జిల్లాలు కనుక ‘దత్త’. ఆ ఇచ్చేసిన పేరు మనకొద్దు, ‘రాయలసీమ’ అనుకుందాం అని సభలో లేచి చెప్పింది చిలుకూరి. కోయిలకుంట్ల పక్క తాలూకాలోనే సీమకు పేరు పెట్టారన్నమాట. పెట్టింది ఒక కాలేజీ అయ్యవారు.

అయితే ఈ పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టారని చాలాకాలం పుస్తకాల్లో రాశారు, ఉపన్యాసాల్లో చెప్పారు. గాడిచర్ల కర్నూలువారు, పెద్ద మనిషి, అలా అనుకోవడంలో వింతేమీ లేదు. నిజం పాత పత్రికల్లో పడి ఉంది. అనంతపురం నుంచి పప్పూరి రామాచార్యులు నడిపిన శ్రీ సాధన పత్రిక లాంటి వాటిలో సభల వార్తలు తిరగేసిన పరిశోధకులు చిలుకూరి పేరును మళ్ళీ బయటికి తెచ్చారు. ఆ సంచికలే చెదలపాలై ఉంటే? మన ప్రాంతం పేరు ఎవరు పెట్టారన్న మాటే ఇప్పటికీ తప్పుగా చెప్పుకుంటూ ఉండేవాళ్ళం. పాత కాగితాల వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్ళకు నేను ఈ ఒక్క సంగతే చెబుతాను.

కాగితం విలువ కోయిలకుంట్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసింది ఈ ఊళ్ళోనే. ఆయన కథ పల్లెల్లో పాటగా బతికింది, కంపెనీ దొరల ఉత్తరాల్లో నేరంగా బతికింది. రెండూ చేతిలో ఉన్నప్పుడే చరిత్రకారుడికి పని జరిగింది. అంతకుముందే కల్నల్ మెకంజీ మనుషులు ఈ జిల్లాల్లో ఊరూరా తిరిగి, కరణాలను అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించుకున్నారు. శిథిలమవుతున్నవాటికి బ్రౌన్ దొర మళ్ళీ నకళ్ళు తీయించాడు. అవి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. కడప కైఫీయతులను కట్టా నరసింహులు సంపాదకత్వంలో అచ్చువేశారు కాబట్టి ఇప్పుడు మద్రాసు రైలెక్కకుండానే చదవగలుగుతున్నాం.

ఆ అచ్చు వేసింది కడప బ్రౌన్ గ్రంథాలయం. ఈ సేకరణ ఎలా చేయాలో నేర్పిన బడి అదేనంటాను. బ్రౌన్ 1820లలో కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను కూర్చోబెట్టి ప్రతులు సరిచూపించాడు. జనం దాన్ని ‘బ్రౌన్ కాలేజీ’ అన్నారు. పట్టాలివ్వని కాలేజీ. కాలం గడిచి అక్కడ మొండిగోడలు మిగిలాయి. కడపలో అధ్యాపకుడిగా పనిచేసిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ చోటును వదల్లేదు. ఇల్లిల్లూ తిరిగి చందాలడిగారు, పుస్తకాలడిగారు. 1987లో శంకుస్థాపన, 1995లో గ్రంథాలయం. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. ముందు సేకరణ, తర్వాతే సంస్థ. సర్కారు జీవో వచ్చేదాకా ఆగి ఉంటే ఆ గోడలు కూడా మిగిలేవి కావు.

మరి కోయిలకుంట్లలో, ఆళ్ళగడ్డలో, బనగానపల్లెలో ఉన్న పాత విద్యార్థి ఏం పోగుచేయాలి? పట్టాలు ఎవరూ పారేయరు, వాటికి ఫ్రేములు కడతారు. పారేసేవి వేరే ఉంటాయి. హాల్ టికెట్లు, హాస్టల్ మెస్సు రసీదులు, కాలేజీ ఎన్నికల కరపత్రాలు, ప్రత్యేకాంధ్ర రోజుల్లో సమ్మె పిలుపులు, కాలేజీ మ్యాగజైన్లు. 1972 నాటి ఆ ప్రత్యేకాంధ్ర ఉద్యమం సీమ కాలేజీల్లో ఎట్లా నడిచిందో తెలియాలంటే ఆ కరపత్రం ఒక్కటి చాలు, పది స్మారకోపన్యాసాలు అక్కర్లేదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో పెట్టిన ఉస్మానియా కాలేజీలో చదివినవాళ్ళ ఇళ్ళలోనూ ఇలాంటివి దొరుకుతాయి. ఉర్దూలో ఉన్నాయని పక్కన పెట్టకండి, చదివిపెట్టే పెద్దలు కర్నూలులో ఇంకా ఉన్నారు.

అన్నిటికంటే ముందు గ్రూప్ ఫోటో. మందపాటి అట్ట మీద అంటించి ఉంటుంది. మధ్యలో ప్రిన్సిపాల్, అటూ ఇటూ కోట్లు వేసుకున్న లెక్చరర్లు, నేల మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్న ఇద్దరు, చివర నిలబడిన అటెండరు. కింద వరసగా పేర్లు అచ్చు వేసి ఉంటాయి, అటెండరు పేరు మాత్రం తరచుగా ఉండదు. కొన్నిటికి ఆ అట్టే ఊడిపోయి పేర్లన్నీ పోయి ఉంటాయి. ఆ ఫోటోలో ఉన్న తాత ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని ఒక్కొక్కరినీ వేలితో చూపించి అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. అటెండరు పేరు కూడా అడగండి. పేర్లు ఫోటో వెనకాల పెన్సిల్‌తోనే, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను ఒత్తితే అచ్చు ముందువైపు తేలుతుంది, ఇంకు పెన్నయితే కొన్నేళ్ళకు ముఖాల మీదికి దిగుతుంది.