పిల్లలలో పేగు పురుగులు

మానవుని జీర్ణవ్యవస్థలో చేరి, అక్కడి ఆహారం మీదనో రక్తం మీదనో ఆధారపడి జీవించే పరాన్నజీవులను పేగు పురుగులు అంటారు. వీటిలో కంటికి కనబడే పురుగులతో పాటు, సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడే ఏకకణ జీవులనూ చేర్చి చెప్పడం వాడుక. తెలుగునాట అన్నిటినీ కలిపి నులిపురుగులు అంటారు గాని, ఒక్కొక్కటి శరీరంలో ప్రవేశించే దారి వేరు, చేసే హాని వేరు, లొంగే మందు కూడా కొన్ని సందర్భాలలో వేరు. మట్టి ద్వారా సంక్రమించే పురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువగా నష్టపోయేది ఎదిగే వయసులోని పిల్లలు.

రకాలు

మట్టి ద్వారా సంక్రమించే పురుగులలో ఏలికపాములు అన్నిటికంటె పెద్దవి. ఆడ పురుగు 20 నుండి 35 సెంటీమీటర్ల పొడవు పెరిగి, రోజుకు సుమారు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. మలంతో బయటపడిన గుడ్డు వెంటనే అంటుకోదు. తేమ, నీడ ఉన్న మట్టిలో రెండు మూడు వారాలు గడిచిన తరువాతనే దానికి ఆ శక్తి వస్తుంది. ఆ గుడ్డు చేతులకు అంటిన మట్టితోనో, సరిగా కడగని ఆకుకూరతోనో కడుపులోకి చేరుతుంది. పిల్ల పురుగు పేగు గోడను తొలుచుకొని రక్తంలో కలిసి, ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి పాకి, మింగబడి తిరిగి పేగులకే చేరుతుంది. ఈ ప్రయాణ కాలంలో కొందరు పిల్లలకు దగ్గు, ఆయాసం వస్తాయి.

కొంకి పురుగులు సెంటీమీటరు పొడవుండే చిన్న జీవులు. వీటి పిల్లలు మట్టిలో పొంచి ఉండి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి ప్రవేశిస్తాయి. కొరడా పురుగులు పెద్దపేగులో ఉంటాయి. సంఖ్య పెరిగితే రక్త విరేచనాలు కలుగుతాయి. అసలైన నులిపురుగులు తెల్లని దారపు ముక్కల వలె ఉండి, రాత్రివేళ మలద్వారం వద్దకు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ దురదకు బిడ్డ గోక్కుంటాడు. గుడ్లు గోళ్ళలో చేరి, కొద్ది గంటలలోనే అంటుకొనే స్థితికి వచ్చి, మరల నోటిలోకి, పక్కలో పడుకొన్న తోబుట్టువులకు చేరుతాయి. వీటికి మట్టితో పని లేదు. అందువలన ఇంట్లో ఒకరికి ఉంటే అందరికీ ఒకేసారి మందు వేయడం వైద్యుల పద్ధతి.

ఏకకణ జీవులలో జియార్డియా, అమీబా ముఖ్యమైనవి. ఇవి ప్రధానంగా కలుషిత నీటి ద్వారా వస్తాయి. జియార్డియాను 1681లో తన మలంలోనే మొదట చూసినవాడు హాలెండుకు చెందిన లీవెన్‌హాక్.

ఆరోగ్యంపై ప్రభావం

పేగు పురుగుల వలన ప్రాణాపాయం అరుదు. ఏలికపాములు ఉండగట్టి పేగును మూసివేసినప్పుడు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. కాని అసలు నష్టం నిశ్శబ్దంగా, నెలల తరబడి జరుగుతుంది.

కొంకి పురుగుల లెక్క చూస్తే ఇది అర్థమవుతుంది. దక్షిణ భారతంలో ఎక్కువగా కనబడే రకానికి చెందిన ఒక పురుగు రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్ల రక్తాన్ని హరిస్తుంది. వంద పురుగులుంటే 3 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాడు కూడా కాదు. అయితే అంత రక్తంలో ఉండే ఇనుము సుమారు ఒక మిల్లీగ్రాము. బడి వయసు బిడ్డ ఒంటికి ఆహారం నుండి రోజుకు ఇంకే ఇనుము కూడా ఇంచుమించు అంతే. వచ్చినదంతా పోతూ ఉంటే నిల్వలు తరిగి, బిడ్డ పాలిపోతాడు, ఆటలో త్వరగా అలసిపోతాడు, తరగతిలో మందంగా కూర్చుంటాడు. అటువంటి పిల్లవాడిని సోమరి అనడం బడులలో తరచు జరిగే పొరపాటు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. అంతకుముందరి 2015-16 సర్వేలో ఇది 61 వరకు ఉండేది. దీనికంతటికీ పురుగులే కారణమని భావించరాదు. ఇంత చిన్న వయసులో ఆహారంలో ఇనుము చాలకపోవడమే ముఖ్య కారణం. కొంకి పురుగుల భారం సాధారణంగా కాస్త పెద్ద పిల్లలలో కనబడుతుంది.

బోరబండ, హైటెక్ సిటీ పరిసరాలు

బోరబండ హైదరాబాదు నగరానికి పశ్చిమాన, ఎర్రగడ్డ, మోతీనగర్, అల్లాపూర్‌ల సమీపంలో ఉన్న జనసమ్మర్దమైన ప్రాంతం. ఎం.ఎం.టి.ఎస్. రైలులో లింగంపల్లి వైపు వెళ్ళేవారికి బోరబండ తరువాత వచ్చే స్టేషను హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత అక్కడి కార్యాలయాలలో, ఇండ్లలో పనిచేసే శ్రామిక కుటుంబాలు ఇటువంటి బస్తీలలో స్థిరపడ్డాయి.

సిమెంటు వేసిన సందులలో కొంకి పురుగులకు, ఏలికపాములకు అనువైన తేమ మట్టి తక్కువ. ఇరుకు గదిలో నలుగురైదుగురు పడుకొనే ఇండ్లలో నులిపురుగులు, రోజు విడిచి రోజు వచ్చే నీటిని డ్రమ్ములలో నిలువచేసుకొనే ఇండ్లలో జియార్డియా సులభంగా వ్యాపిస్తాయి. సరఫరా ఆగినపుడు గొట్టంలో ఒత్తిడి తగ్గి, పక్కనున్న మురుగు పగుళ్ళ గుండా లోపలికి లాగబడుతుంది. 2009 మే నెలలో నగరంలోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన మంచినీరు త్రాగి పలువురు మరణించారు. అది కలరా, పరాన్నజీవులు పట్టేదీ ఆ దారినే.

మట్టి పురుగులకు నిజమైన ఆటపట్టు భవన నిర్మాణ స్థలాలు. ఇతర జిల్లాల నుండి, రాష్ట్రాల నుండి వచ్చిన కూలీల పిల్లలు అక్కడ రేకుల గుడిసెలలో ఉంటూ, తగిన మరుగుదొడ్లు లేని చోట వట్టి కాళ్ళతో తిరుగుతారు. నగరం దిగువన మూసీ మురుగునీటితో వ్యవసాయం చేసే కుటుంబాలపై జరిగిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. శుద్ధి చేయని మురుగునీరు వాడేవారికి కొంకి పురుగులు, ఏలికపాములు, కొరడా పురుగులు సోకే అవకాశం హెచ్చుగా ఉన్నదని అందులో తేలింది.

నివారణ మాత్రలు

జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం 2015 ఫిబ్రవరి 10న కొన్ని రాష్ట్రాలలో మొదలై, 2016లో దేశమంతటికీ విస్తరించింది. బడులలో, అంగన్‌వాడీ కేంద్రాలలో ఒకటి నుండి 19 ఏళ్ళ వారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మోతాదు 400 మిల్లీగ్రాములు. రెండేళ్ళ లోపు వారికి సగం మాత్ర. చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడకుండా పొడిచేసి నీటితో ఇవ్వాలి. జ్వరంతో ఉన్న బిడ్డకు ఆ రోజు ఇవ్వరు. పురుగులు ఎక్కువగా ఉన్నవారికి మాత్ర తరువాత కొద్దిపాటి వికారం, కడుపునొప్పి కలగవచ్చు.

ఈ ఒక్క మాత్రకు ఏలికపాములు బాగా లొంగుతాయి, కొంకి పురుగులు చాలావరకు లొంగుతాయి, కొరడా పురుగులు అంతగా లొంగవు. నులిపురుగులకు రెండు వారాల తరువాత మరొక మోతాదు కావాలి. జియార్డియా, అమీబా దీనితో పోవు. కనుక మాత్ర వేసిన తరువాత కూడా విరేచనాలు తగ్గని బిడ్డకు మలపరీక్ష చేయించడం అవసరం.

సామూహికంగా మాత్రలు పంచడం వలన ఎంత మేలన్నది వివాదాస్పదం. కెన్యాలో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో బడికి రాని పిల్లల సంఖ్య గణనీయంగా తగ్గింది. ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల చిన్నపిల్లలపై జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో మాత్రం బరువులో గాని, మరణాలలో గాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పురుగుల భారం ఎక్కువగా ఉన్న చోట మేలు స్పష్టంగా ఉంటుందనేది ఈ రెంటినీ సమన్వయపరచే ఒక వివరణ. అటువంటి భారం మోసే నిర్మాణ కూలీల పిల్లలలో అనేకులు బడి పట్టికలో లేరు. మాత్ర పంచే రోజుకు మరో స్థలానికి తరలిపోయి ఉంటారు. మాత్ర అందినవారికి కూడా అదే మట్టిలో నడిస్తే కొద్ది నెలలలో పురుగులు తిరిగి పడతాయి. ఏటా రెండు మార్లు, ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో, మాత్ర ఇవ్వడానికి కారణమిదే.

అపోహలు

తీపి తింటే కడుపులో పురుగులు పడతాయని పెద్దలు పిల్లలను మందలించడం పరిపాటి. బెల్లంలో, మిఠాయిలో పురుగుల గుడ్లు పుట్టవు. ముట్టుకొనే చేతులకు, వాలే ఈగలకు అంటుకొని ఉండవచ్చు. నిద్రలో పళ్ళు కొరకడం పురుగుల లక్షణమనే మాటకు కూడా సరియైన ఆధారం లేదు. మన్ను తినే అలవాటు వేరు సంగతి. ఇనుము లోపించిన పిల్లలలో అది తరచు కనబడుతుంది. ఆ మన్నుతోనే ఏలికపాముల గుడ్లు లోపలికి పోయి, ఉన్న నీరసాన్ని మరింత పెంచుతాయి. ఆయుర్వేదంలో క్రిమిరోగాలకు వాయువిడంగాలు వాడతారు. వేపాకు ముద్ద మింగించడం పల్లెలలో పాత అలవాటు.