కార్బురేటరు పుట్టినతేదీ

చెట్టు మానులోని వలయాలు లెక్కపెట్టి దాని వయస్సు చెప్పవచ్చునని మీరు చదువుకున్నారు. మరి ఒక పాత కారులోని లోహపు ముక్కను చూసి, అది ఏ సంవత్సరంలో, ఏ నెలలో, ఏ వారంలో తయారయిందో చెప్పగలమా? చెప్పగలం! దానికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. ఒక భూతద్దం, కొద్దిగా లెక్కలు, కొద్దిగా తర్కం చాలు. ఆ ముక్క పేరు కార్బురేటరు.

కార్బురేటరు చేసే పని

మీ ఇంట్లో పాత స్కూటరు ఉంటే దానిలో మీరు కార్బురేటరును చూసే ఉంటారు. 2020 ఏప్రిల్ నుండి మన దేశంలో కొత్త కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో, కొత్త బండ్లలో దాని స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది.

పెట్రోలు మండాలంటే గాలితో బాగా కలవాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్లు కుదిర్చేదే కార్బురేటరు. దానిలో గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నగా ఉంటుంది. సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. పక్కనే ఉన్న చిన్న తొట్టిలోని పెట్రోలు మీద మాత్రం వాతావరణ పీడనం ఉంటుంది. ఆ పీడనమే పెట్రోలును సన్నని రంధ్రం గుండా గాలిలోకి నెడుతుంది. పెట్రోలు తుంపరలై గాలిలో కలిసిపోతుంది. గొట్టంలోని ఆ సన్నని భాగాన్ని ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ (1746–1822) పేరుతో ‘వెంచురీ’ అంటారు.

కండబలం గల కార్లు

అమెరికాలో 1960 దశకంలో ‘మజిల్ కార్లు’ అనేవి వచ్చాయి. మజిల్ అంటే కండ. మధ్యరకం కారులో చాలా శక్తిగల ఇంజను బిగిస్తే అది మజిల్ కారు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ జోరు మొదలయిందని చాలామంది అంటారు. కాలుష్య చట్టాలు, పెరిగిన బీమా ఖర్చులు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి దానికి కళ్లెం వేశాయి.

ఇప్పుడు ఆ కార్లను కొందరు ఎంతో శ్రద్ధతో బాగుచేసి, ఫ్యాక్టరీ నుండి వచ్చిన రోజున ఎలా ఉండేవో అలా నిలబెడుతున్నారు. ఉదాహరణకు 1969 నాటి షెవర్లే కమారో జెడ్-28ని తీసుకోండి. దాని ఇంజను 302 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 5 లీటర్లు. దానిమీద హోలీ కంపెనీవారి నాలుగు గొట్టాల కార్బురేటరు ఉండేది. నిర్ణీత పరీక్షలో అది నిమిషానికి 780 ఘనపుటడుగుల గాలిని పోనిస్తుంది.

కారు పాతబడేకొద్దీ కార్బురేటరు అరిగిపోతుంది. మెకానిక్కు దాన్ని తీసి పారవేసి వేరొకటి బిగిస్తాడు. యాభై ఏళ్ల తర్వాత ఆ కారును బాగుచేసేవారికి సరైన కార్బురేటరు కావాలి. పెన్సిల్వేనియాలోని హెర్షీ, కార్లైల్ వంటి చోట్ల జరిగే పాత విడిభాగాల సంతల్లో వారు దానికోసం వెతుకుతారు. దొరికినది సరైనదేనని ఎలా తెలుస్తుంది?

అంకెలు చెప్పే మాట

హోలీ కార్బురేటరులో గాలి లోపలికి ప్రవేశించే మెడ భాగం మీద అంకెలు గుద్ది ఉంటాయి. వాటిలో ‘లిస్టు నెంబరు’ అది ఏ రకమో చెబుతుంది. మన జెడ్-28కి కావలసినది 4053. దాని కింద ఉండేదే తేదీ.

1973కు ముందు ఈ తేదీ మూడు గుర్తులలో ఉండేది. మొదటిది సంవత్సరంలోని చివరి అంకె. రెండవది నెల: జనవరికి 1 మొదలు సెప్టెంబరుకు 9 వరకు, అక్టోబరుకు 0, నవంబరుకు ఎ, డిసెంబరుకు బి అనే ఇంగ్లీషు అక్షరాలు. మూడవది ఆ నెలలో ఎన్నవ వారమో చెబుతుంది. 952 అని ఉంటే 1969 మే నెల రెండవ వారం అన్నమాట.

1973 ప్రాంతం నుండి హోలీవారు నాలుగు అంకెల పద్ధతికి మారారు. మొదటి మూడు అంకెలు సంవత్సరంలో ఎన్నవ రోజో చెబుతాయి. నాలుగవది సంవత్సరపు చివరి అంకె.

మీరే పరీక్షకులు!

మన కారు కట్టిన తేదీ ఇంజను వెనుక గోడకు బిగించిన చిన్న రేకు మీద ఉంది. అది 1969 జూన్ రెండవ వారం అనుకుందాం. సంతలో నాలుగు కార్బురేటర్లు దొరికాయి. నాలుగింటి మీదా 4053 అనే ఉంది. తేదీలు మాత్రం 972, 823, 1239, 952. ఏది తీసుకుంటారు?

972 అంటే 1969 జూలై. కారు తయారయిన తర్వాత పుట్టిన భాగం ఆ కారులో ఎలా ఉంటుంది? తీసివేయండి. 823 అంటే 1968 ఫిబ్రవరి. భాగాలు సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలల ముందు తయారై వస్తాయి. పదహారు నెలలు ఫ్యాక్టరీలో పడి ఉందంటే నమ్మలేం. 1239లో నాలుగు అంకెలున్నాయి కాబట్టి ఇది 1969ది కాదు. 1979లో 123వ రోజు, అంటే మే 3న తయారయినదై ఉండాలి. పాతదానికి బదులుగా వేసుకోవడానికి తర్వాత చేసినదన్నమాట. ఇక మిగిలినది 952. కారుకంటే సుమారు నాలుగు వారాలు ముందుది. సరిపోయింది!

అయితే ఇది ఈ కారుతో పుట్టిన కార్బురేటరేనా?

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. ఆ వారంలో అలాంటివి మరెన్నో తయారయ్యాయి. ఇది వాటిలో ఏదైనా కావచ్చు. తేదీ కలవకపోతే ‘ఇది కాదు’ అని గట్టిగా చెప్పవచ్చు. తేదీ కలిస్తే ‘ఇది అయి ఉండవచ్చు’ అని మాత్రమే చెప్పగలం. నిజాయితీ గల అమ్మకందారు దీన్ని ‘ఆ కాలానికి సరిపోయేది’ అంటాడే తప్ప ‘కారుతోపాటు వచ్చినది’ అనడు. విజ్ఞానశాస్త్రంలో కూడా ఇంతే. ఒక సిద్ధాంతానికి పొసగని ప్రయోగం ఒక్కటి దొరికినా దాన్ని సందేహించవలసిందే. పొసగే ప్రయోగాలు ఎన్ని ఉన్నా, ‘ఇంతవరకు నిలిచింది’ అని మాత్రమే అనగలం.

సరైన తేదీ ఉన్న కార్బురేటరుకు ఎక్కువ ధర పలుకుతుంది. అందుచేత పాత అంకెలను అరగదీసి, కొత్తవి గుద్దే మోసగాళ్లు కూడా ఉన్నారు. కాని అంకెను గుద్దినప్పుడు పైపొర మాత్రమే కాదు, దాని అడుగున ఉన్న లోహం కూడా నలిగిపోతుంది. నేర పరిశోధనశాలల్లో రసాయనాలు పూసి, ఆ నలిగిన లోహం ఆధారంగా చెరిపివేసిన అంకెలను చాలాసార్లు మళ్లీ కనిపించేలా చేస్తారు. కంటికి కనిపించనిది లోహంలో దాగి ఉంటుంది!

చివరగా మీకొక లెక్క. రోచెస్టర్ కంపెనీవారి క్వాడ్రాజెట్ అనే కార్బురేటరు మీద కూడా రోజు సంఖ్య, సంవత్సరపు చివరి అంకె ఉంటాయి. 1968 నమూనా కారుకు సరిపోయే అలాంటి కార్బురేటరు మీద 0608 అని ఉంది. అది ఏ తేదీన తయారయింది? మార్చి 1 అని తొందరపడి రాయకండి. 1968 ఎటువంటి సంవత్సరమో ముందు చూసుకోండి!