స్పీకర్ల సరుకు: పేరు ఒకరిది, తయారీ మరొకరిది

స్పీకర్లు, హెడ్‌ఫోన్ల టోకు వర్తకంలో పెట్టె మీది పేరు చూసి నాణ్యతను, తయారైన దేశాన్ని చూసి ధరను అంచనా కట్టే పాత పద్ధతి ఇక చెల్లదు. పేరుగల కంపెనీలు అనేకం సొంత ఊళ్లలో తయారీ మానుకున్నాయి. అయితే ‘బయటి తయారీ’ అంతా ఒక తీరుగా లేదు. అందులో మూడు రకాలున్నవి.

మొదటిది, కంపెనీ యాజమాన్యమే విదేశంలో సొంత కర్మాగారం నడపడం. 1932లో గిల్బర్ట్ బ్రిగ్స్ ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో ప్రారంభించిన వార్ఫ్‌డేల్ 1990 దశకంలో ఐ.ఎ.జి. గ్రూపు చేతికి వచ్చి, తయారీ చైనాకు తరలింది. చెక్కపెట్టె మొదలు కోను వరకు గ్రూపు కర్మాగారాలలోనే తయారవుతాయి. కూలి ఖర్చు తగ్గింది, ధర అందుబాటులో నిలిచింది. ‘డైమండ్’ రకం స్పీకర్లకు ఆ తరువాత కూడా బ్రిటిష్ పత్రికల బహుమతులు దక్కాయి.

రెండవది, తన నమూనాను కాంట్రాక్టుకు ఇవ్వడం. హైదరాబాదు సమీపాన కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ 2025లో ప్రారంభించిన ఏర్‌పాడ్స్ తయారీ ఇటువంటిదే. నమూనా, విడిభాగాల ప్రమాణం ఆపిల్‌వి, కూర్పు ఫాక్స్‌కాన్‌ది.

మూడవది, కర్మాగారం వద్ద సిద్ధంగా ఉన్న సరుకుపై పేరు మాత్రం ముద్రించుకోవడం. ఒకే సరుకు నాలుగు పేర్లతో నాలుగు ధరలకు బజారుకు వచ్చేది ఇక్కడే. లాటుకూ లాటుకూ లోపలి భాగాలు మారే ప్రమాదం కూడా ఇందులోనే ఎక్కువ.

పొదుపు ముందుగా లోహంలో జరుగుతుంది. రాగి ధర హెచ్చినప్పుడు స్పీకరు వైరులో రాగిపూత అల్యూమినియం వాడాలన్న ఆశ కూడా హెచ్చుతుంది. దాని విద్యుత్ వాహకత రాగిలో సుమారు మూడింట రెండు వంతులు. పైతొడుగు తీసి, ఒకే మందం, ఒకే పొడవు గల రాగితీగతో తూచి చూస్తే బరువు సగం కూడా ఉండదు. కాయిలు తేలికగా ఉండేందుకు దానిని కావాలనే వాడడం కద్దు. రాగి పేరు చెప్పి అమ్మితేనే అది మోసం.

అయస్కాంతాల సంగతి వేరు. నియోడిమియం అయస్కాంతాలు వేడికి తట్టుకునేందుకు డిస్ప్రోసియం కలుపుతారు. చైనా 2025 ఏప్రిల్‌లో డిస్ప్రోసియం ఎగుమతికి లైసెన్సు విధించింది. కొంగర కలాన్ కర్మాగారంపైనా ఈ కొరత ప్రభావం పడినట్లు ఆ ఏడాది జూలైలో వార్తలు వచ్చాయి. కూర్పు దేశం మారినా ముడిసరుకు కీలకం మారలేదన్నమాట.

బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ గుర్తు విద్యుత్ భద్రతకు సంబంధించినది; ధ్వని నాణ్యతకు హామీ కాదు. కనుక తీగ లోహం, అయస్కాంతం రకం ఆర్డరులోనే రాయించుకోవడం, సీలు వేసిన నమూనా దగ్గర ఉంచుకుని ప్రతి లాటునూ దానితో సరిచూడడం, వాపసు సరుకు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవడం వర్తకులకు శ్రేయస్కరం. కొనుగోలులో మిగిలిన రూపాయి వాపసులలో పోతే అది లాభం కాదు.