కాలిన హీటరును పారవేయకండి

చలికాలం రాగానే నీళ్లు కాచే రాడ్డు, గది హీటరు అటక దిగుతాయి. వాటిలోని లోపం వల్ల ఇంటికి నిప్పంటుకుంటే, ప్రాణాలు దక్కాయి చాలునని మనం కాలిన పరికరాన్ని చెత్తలో పడవేస్తాం. దానితోపాటే మన హక్కునూ పోగొట్టుకుంటాం.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తయారీలోనో రూపకల్పనలోనో లోపమున్నా, తగిన హెచ్చరికలు ఇవ్వకపోయినా తయారీదారు నష్టపరిహారం చెల్లించాలి. తయారీదారు ఎవరో తెలియనప్పుడు ఆ బాధ్యత అమ్మినవారిది. అయితే ప్లగ్గు తీసివేసి, తీగలను నేరుగా సాకెట్లో గుచ్చి వాడితే అమ్మినవారిపై మన దావా నిలవదు.

ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు. వినియోగదారుల కమిషన్ ఆ పరికరాన్ని ప్రయోగశాలలో పరీక్షింపజేయగలదు. పరికరమే లేకపోతే పరీక్షించేది దేనిని? కనుక బిల్లుతో, ఫోటోలతో, అగ్నిమాపక శాఖ నివేదికతో పాటు ఆ కాలిన హీటరునూ భద్రపరచుకుందాం.